పడమర దిక్కుకు తిరగండి: తండ్రి కాబోతున్న ఉపాసకునికి ధమ్మం చెప్పే మాట



ధమ్మ బంధూ,

మీ ఇంట్లో తొలిచూలు. నెలలు లెక్కపెడుతున్నారు. మీ ఇంటామెకు అందరూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. ఇది తిను, అది తినకు, బరువులు ఎత్తకు, ఇలా పడుకో, అలా లేవకు. ఆశా కార్యకర్త వచ్చి ఆమెతో మాట్లాడుతుంది. అంగన్‌వాడీలో ఆమె పేరు రాసుకుంటారు. మరి మీతో ఎవరు మాట్లాడుతున్నారు? "ఏంట్రా, తండ్రివి కాబోతున్నావట, పార్టీ ఎప్పుడు?" అనే స్నేహితులు తప్ప మీకు చెప్పేవాళ్లు కనబడరు. కాన్పు ఆడవాళ్ల వ్యవహారం, మగవాడు బయట నిలబడి డబ్బు కడితే చాలు అని మన చుట్టూ అనుకుంటారు.

ధమ్మం అలా అనుకోదు. తథాగతుడు బిక్షువులకే కాదు, ఇల్లూ వాకిలీ పిల్లా జెల్లా ఉన్నవాళ్లకూ దారి చెప్పాడు. తండ్రికి చెప్పాడు, భర్తకు చెప్పాడు. ఆ మాటలు ఈ నెలల్లో మీకు అక్షరాలా పనికొస్తాయి. అందుకే ఈ చిన్న పుస్తకం మీ కోసం. చదివాక మీ ఇంటామెకూ చదివి వినిపించండి.

ఒక తండ్రి వదిలిపోయిన ఆస్తి

రాజగృహంలో సిగాలుడనే యువకుడు ఉండేవాడు. రోజూ తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, తడిబట్టలతో, తడిజుట్టుతో ఆరు దిక్కులకూ దండం పెట్టేవాడు. తూర్పుకు, దక్షిణానికి, పడమరకు, ఉత్తరానికి, కిందికి, పైకి. వేణువనం నుంచి భిక్షకు వెళ్తున్న బుద్ధుడు చూసి, ఎందుకయ్యా ఇలా చేస్తున్నావని అడిగాడు. మా నాన్న పోయేముందు దిక్కులకు మొక్కమని చెప్పాడు, నాన్న మాట మీద గౌరవంతో మొక్కుతున్నాను అన్నాడు ఆ అబ్బాయి.

ఆ తండ్రి గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. కొడుకు మీద ప్రేమ లేనివాడు కాదు. ప్రాణం పోతున్నప్పుడు కూడా కొడుక్కి ఏదో ఒకటి ఇచ్చి పోవాలనుకున్నాడు. కానీ ఇచ్చింది ఏమిటి? ఆచారం ఇచ్చాడు, అర్థం ఇవ్వలేదు. మొక్కమన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియదేమో. ఆయనకు వాళ్ల నాన్న చెప్పి ఉంటాడు.

బుద్ధుడు ఆ పిల్లవాణ్ణి ఎగతాళి చెయ్యలేదు. వాళ్ల నాన్నను తిట్టలేదు. దిక్కులంటే మట్టీ ఆకాశమూ కాదు, మనుషులు అని విడమరిచి చెప్పాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు. దక్షిణం గురువులు. పడమర భార్యాబిడ్డలు. ఉత్తరం స్నేహితులు. కింది దిక్కు మన దగ్గర పనిచేసేవాళ్లు. పై దిక్కు శ్రమణులు. వీళ్లతో సరిగ్గా నడుచుకోవడమే దిక్కులకు మొక్కడం అన్నాడు. అదే సిగాలోవాద సుత్తం. బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో గృహస్థుల నడవడికి ప్రత్యేకంగా చోటిచ్చారు.

మనం కూడా సిగాలుని లాంటి వాళ్లమే. మన తాతముత్తాతలు అర్థం చెప్పకుండా చాలా ఆచారాలు మన చేతిలో పెట్టి పోయారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఆ గొలుసు తెంచారు. మనం దీక్ష తీసుకున్నాం, 22 ప్రతిజ్ఞలు చేశాం. ఇక ఇప్పుడు మీ వంతు. మీ బిడ్డకు మీరు ఇచ్చిపోయేది ఆచారమా, అర్థమా? ఆ నిర్ణయం బిడ్డ బడికి పోయేనాటికి చేసుకునేది కాదు. ఇప్పుడే, ఈ నెలల్లోనే మొదలవుతుంది.

భార్యా బిడ్డా ఒకే దిక్కు

ఆ సుత్తంలో ఒక సంగతి గమనించండి. బుద్ధుడు భార్యను ఒక దిక్కు, బిడ్డలను ఇంకో దిక్కు అనలేదు. ఇద్దరినీ కలిపి పడమర అన్నాడు. అంటే బిడ్డ ఇంకా పుట్టకపోయినా ఆ బిడ్డ ఉండే దిక్కు మీ ఎదుటే ఉంది. తల్లిని ఎలా చూస్తే బిడ్డను అలా చూసినట్టే. కడుపులో బిడ్డ మీద ఎంతో ప్రేమ ఉందంటూ, ఆ కడుపు మోసే మనిషి మీద విసుక్కునే వాడికి పడమర దిక్కు ఎటుందో తెలియదనే అర్థం.

ఇంకో సంగతి. తూర్పుకు తిరిగి నిలబడ్డ మనిషికి పడమర వీపు వెనక ఉంటుంది. మనలో చాలామంది అలాగే నిలబడి ఉంటాం. ముఖం అమ్మానాన్నల వైపు, వీపు భార్య వైపు. "మా అమ్మ ఎనిమిదో నెల దాకా నాట్లకు పోయింది, నీకేమైంది?" అనే మాట ఎన్ని ఇళ్లల్లో వినబడదు! అమ్మను గౌరవించాల్సిందే. ఆమె పడ్డ కష్టం నిజమే. కానీ ఆమెకు జరిగిన అన్యాయాన్ని ఈమెకు కొలతగా పెట్టకూడదు. అమ్మకు విశ్రాంతి దొరకలేదంటే అది మన పేదరికం, మన మీద పడ్డ వెట్టి. అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. బుద్ధుడు అన్ని దిక్కులకూ తిరగమన్నాడు, ఒక్క దిక్కుకే అతుక్కుపొమ్మనలేదు.

భర్త భార్యకు చెయ్యాల్సినవి ఐదు అని సుత్తం చెబుతుంది. గౌరవించడం, చులకన చెయ్యకపోవడం, ఆమెకు ద్రోహం చెయ్యకపోవడం, ఇంటి పెత్తనం ఆమెకు ఇవ్వడం, నగానట్రా సమకూర్చడం. వీటిని గర్భిణి ఉన్న ఇంటికి అన్వయించి చూద్దాం.

గౌరవించడం అంటే, నలుగురిలో "మీరు" అని పిలవడం ఒక్కటే కాదు. ఆమె ఒంట్లో బాగాలేదంటే నమ్మడం. కడుపులో బిడ్డ కదలిక తగ్గిందని చెబితే, "ఊరికే భయపడతావు" అనకుండా లేచి ఆసుపత్రికి బయలుదేరడం.

చులకన చెయ్యకపోవడం అంటే, ఆమె వాంతుల మీద, లావు మీద, నడక మీద జోకులు వెయ్యకపోవడం. వాళ్ల పుట్టింటి పేదరికం ఎత్తిపొడవకపోవడం.

ద్రోహం చెయ్యకపోవడం అంటే మూడో శీలం. భార్య పుట్టింటికి పోయిన నెలల్లో ఈ శీలానికి పరీక్ష వస్తుంది. ఆ విషయం దాచి మాట్లాడి లాభం లేదు.

పెత్తనం ఇవ్వడం అంటే, ఏ ఆసుపత్రికి పోవాలో, ఎవరు తోడుండాలో, మళ్లీ బిడ్డ ఎప్పుడో, అసలు కావాలో వద్దో చెప్పే హక్కు ఆమెకు ఇవ్వడం. సంతాన నియంత్రణకు ప్రభుత్వం సౌకర్యాలు కల్పించాలని 1938లోనే బాబాసాహెబ్ పక్షం బొంబాయి శాసనసభలో వాదించింది. సభ ఒప్పుకోలేదు. అప్పట్లో ఆ మాట ఎత్తడానికే జనం సిగ్గుపడేవారు. ఆయన మాత్రం మాటిమాటికీ కాన్పులతో చితికిపోయే తల్లుల గురించి ఆలోచించారు.

ఇక ఐదోది నగానట్రా. ఈ నెలల్లో ఆమెకు కావాల్సిన నగ ఒంట్లో రక్తం. మన ఇళ్లల్లో ఆడవాళ్లు అందరూ తిన్నాక మిగిలింది తింటారు. రక్తహీనత అక్కడే మొదలవుతుంది. నాలుగో నెల నుంచి రోజూ ఒక ఐరన్ మాత్ర చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. ఆ మాత్ర చేతికిచ్చి, నీళ్లు అందించండి. గుడ్డు, ఆకుకూర, పప్పు ముందు ఆమె కంచంలో పడేలా చూడండి. ఆమె తిన్నాకే మీరు తినండి. మీ ఇంట్లో ఇది చిన్న మార్పు కాదు. దీన్ని చూసి మీ అమ్మ నొచ్చుకోవచ్చు కూడా. "అమ్మా, నువ్వూ కూర్చో, ముగ్గురం కలిసి తిందాం" అనండి. తూర్పూ పడమరా ఒకే పీటల మీద కూర్చుంటాయి.

రాహులునికి చెప్పిన మూడు ప్రశ్నలు

బుద్ధుడూ ఒక బిడ్డకు తండ్రే. తన కొడుకు రాహులునికి ఆయన చేసిన ఒక బోధ చాలా పేరున్నది. అద్దం ఎందుకు అని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ఏ పనైనా చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోవాలి అని చెప్పాడు. దీనివల్ల నాకు హాని ఉందా? ఎదుటివాళ్లకు హాని ఉందా? ఇద్దరికీ హాని ఉందా? ఉంటే మానుకో, లేకుంటే చెయ్యి. ఇంతే. తాతల నాటిదా, కొత్తదా అని కాదు. హాని ఉందా, మేలు ఉందా అనేదే కొలత.

బిడ్డ పుట్టే ఇంటికి రకరకాల ఆచారాలు తరలి వస్తాయి. ఒక్కొక్కదాన్నీ ఈ అద్దం ముందు నిలబెట్టండి.

గ్రహణం రోజున గర్భిణిని గదిలో పెట్టి, తిండీ నీళ్లూ ఇవ్వకుండా కదలొద్దంటారు. లేకపోతే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందట. గ్రహణం అంటే నీడ. ఆకాశంలో పడే నీడకూ కడుపులో బిడ్డ పెదవికీ సంబంధం లేదు. కానీ గంటల తరబడి నీళ్లు లేకుండా ఉంచితే తల్లికి హాని జరుగుతుంది. మానుకోవాలి.

ముహూర్తం చూసి, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసి బిడ్డను తియ్యమంటారు. డాక్టరు అవసరమని చెబితే ఆపరేషన్ తప్పదు, ఆలస్యం చెయ్యకూడదు. కానీ పంచాంగం చెప్పిందని కడుపు కోయించడం తల్లికీ హానే, నెలలు పూర్తిగా నిండని బిడ్డకూ హానే.

బిడ్డ ఫలానా నక్షత్రంలో పుట్టింది, తండ్రికి గండం, శాంతి చేయించేదాకా ముఖం చూడొద్దు, ముందు నూనెలో నీడ చూడాలి అంటారు. ఆలోచించండి. భూమ్మీదకు వచ్చి ఒక్కరోజు కూడా కాని పసిగుడ్డు మీద నేరం మోపడం ఇది. పుట్టుకతోనే కొందరిని అపవిత్రులన్న ధర్మం మనకు చేసింది కూడా ఇదే కదా! పుట్టుక వల్ల ఎవరూ నీచులు కారన్న ధమ్మం పట్టుకున్నవాళ్లం, మన బిడ్డ పుట్టిన గడియను నీచమంటే ఎలా ఒప్పుకుంటాం? నేరుగా ముఖం చూడండి. చేతుల్లోకి తీసుకోండి. శాంతి పూజలకు పురోహితుణ్ణి పిలవమని మనం ప్రతిజ్ఞ చేశాం, మరిచిపోవద్దు.

పురుడు అంటు అని బాలింతను మూలగదిలో, గాలీ వెలుతురూ లేనిచోట పడేస్తారు. అంటు అనే మాట మన చెవిన పడగానే మనకు ఒళ్లు మండాలి. మనల్ని ఊరి బయట పెట్టిన మాట అదే. ఆ మాటను మన ఇంట్లో మన ఆడవాళ్ల మీద మనం వాడకూడదు. అయితే చేతులు కడుక్కోకుండా, దగ్గూ జలుబూ ఉన్నవాళ్లు బిడ్డ దగ్గరికి రాకూడదు అంటే అది శుభ్రత. దాన్ని పాటించండి. అంటు వేరు, శుభ్రత వేరు.

బారసాల, లాలిపాట, ఇరుగుపొరుగుకు భోజనం లాంటివాటిలో హాని లేదు. సంతోషంగా చేసుకోండి. అన్నీ వద్దనడం ధమ్మం కాదు. చూసి, ఎంచి చెయ్యడం ధమ్మం.

ఆడపిల్ల అయితే?

శ్రావస్తిలో పసేనది రాజు బుద్ధుని పక్కన కూర్చుని ఉండగా, మల్లికా రాణికి ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది. రాజు ముఖం చిన్నబోయింది. బుద్ధుడు అది చూసి ఊరుకోలేదు. ఆడపిల్ల మగవాడి కంటే మేలైనది కావచ్చు, వివేకం, శీలం ఉన్నది కావచ్చు అని రాజుకు ముఖం మీదే చెప్పాడు. రెండున్నర వేల ఏళ్ల కిందట, ఒక రాజుతో.

మీకు కబురు వచ్చినప్పుడు మీ ముఖం ఎలా ఉంటుంది? నర్సు వచ్చి "అమ్మాయి" అనగానే చుట్టూ ఉన్నవాళ్లు మీ ముఖమే చూస్తారు. ఆసుపత్రి మంచం మీద ఉన్న మీ ఇంటామె కూడా మీ ముఖమే చూస్తుంది. ఆ క్షణానికి ఇప్పుడే సిద్ధపడండి. కొడుకు కావాలి అనే కోరిక మనసులో ఉంటే ఇప్పుడే దాన్ని బయటకు తీసి చూడండి. కొడుకు పిండం పెడితేనే గతి అన్నది మన మాట కాదు. శ్రాద్ధాలు పెట్టమని, పిండదానం చెయ్యమని మనం ప్రతిజ్ఞ చేశాం. ఇక కొడుకే కావాలనడానికి ఏం మిగిలింది?

ఆడో మగో ముందే చెప్పించుకోవాలని ఎవరైనా రహస్యంగా దారి చూపిస్తామంటే, 1994 చట్టం ప్రకారం అది నేరం. అంతకంటే ముందు అది మొదటి శీలం మీద దెబ్బ. ఇంకొకటి, ఆడా మగా అన్నది తేలేది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి. అందులో తల్లి చేసేది ఏమీ లేదు. ఆడపిల్లను కన్నదని భార్యను నిందించే మగవాడు తప్పూ చేస్తున్నాడు, అజ్ఞానమూ చాటుకుంటున్నాడు.

అంగులిమాలుడు చూసి ఊరుకోలేదు

అంగులిమాలుడి కథ మీకు తెలుసు. మనుషుల్ని చంపినవాడు బిక్షువయ్యాడు. ఒకరోజు శ్రావస్తిలో భిక్షకు పోతూ, బిడ్డ అడ్డం తిరిగి నొప్పులతో అల్లాడుతున్న ఒక స్త్రీని చూశాడు. ఆయన మనసు కదిలింది. తిరిగివచ్చి బుద్ధుడికి చెప్పాడు. బుద్ధుడు ఆయన్ను మళ్లీ ఆమె దగ్గరికే పంపాడు. ఈ ధమ్మంలో పుట్టినప్పటి నుంచి తెలిసి ఏ ప్రాణికీ హాని చెయ్యలేదన్న సత్యం పలికి, ఆమె క్షేమం కోరమన్నాడు. ఆ మాటలను ఇప్పటికీ కాన్పు వేళ పరిత్తంగా పఠించే దేశాలున్నాయి.

మనం ఆ కథ నుంచి ఏం తీసుకోవాలి? పరిత్తం చదివితే మనసుకు ధైర్యం. చదవండి. కానీ పరిత్తం అంబులెన్సుకు బదులు కాదు. ఆ కథలో అసలు సంగతి కరుణ. ఒకప్పుడు ప్రాణాలు తీసినవాడు ఒక తల్లి నొప్పి చూసి తట్టుకోలేకపోయాడు. చూసి దాటిపోలేదు. వెంటనే కదిలాడు. ఈ రోజుల్లో కదలడం అంటే ఇవి:

1. కనీసం నాలుగుసార్లు డాక్టరు పరీక్ష జరగాలి. మీరూ వెంట వెళ్లండి. బీపీ, రక్తం శాతం, బరువు ఎంతో తల్లీబిడ్డల కార్డులో రాస్తారు. ఆ కార్డు మీరూ చదవండి.

2. ఆమె రక్తం గ్రూపు మీకు నోటికి రావాలి. అదే గ్రూపు ఉన్న ఇద్దరు ముగ్గురిని ముందే మాట్లాడి ఉంచండి. మన సంఘంలో అడిగితే దొరుకుతారు.

3. రక్తస్రావం, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖమూ చేతులూ వాయడం, జ్వరం, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి.

4. రాత్రిపూట ఏ బండి దొరుకుతుందో, ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ముందే తెలుసుకోండి. కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఉతికిన పాత నూలు గుడ్డలు, దుప్పటి ఒక సంచిలో సర్ది పెట్టండి.

5. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం ఉచితంగా ఇవ్వాలని 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. అది దయ కాదు, హక్కు. ఎవరైనా చెయ్యి చాపితే అక్కడి పెద్ద డాక్టరుకు చెప్పండి.

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే అంటారు. ఆమెకు అమ్మ దగ్గర ఉండాలనిపిస్తే అక్కడే ఉండనివ్వండి. కానీ "పురిటి ఖర్చు మామగారిదే" అని చేతులు కట్టుకు కూర్చోకండి. బిడ్డ మీది. కూలినాలి చేసుకునే ఆ ముసలాయన అప్పు చేసి మీ బిడ్డను మీ చేతిలో పెట్టాలా? అది కట్నానికి ఇంకో పేరు. మీ ఖర్చు మీరు పెట్టండి. నొప్పుల వేళకు అక్కడ ఉండండి.

తల్లి విశ్రాంతి కోసం పోరాడిన తండ్రి

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ గట్టిగా బలపరిచారు. కాన్పుకు ముందూ తరువాతా తల్లికి విశ్రాంతి దొరకడం ఆమె ఒక్కదాని సంగతి కాదు, దేశం మొత్తానికి మేలు అని వాదించారు. మరుసటి ఏడాది, 1929లో, బొంబాయి ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యవర్గంలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు గనుల్లో పనిచేసే స్త్రీల ప్రసూతి చట్టాన్ని మెరుగుపరిచారు.

ఆ మాటల వెనక ఏముందో మనం గుర్తుపెట్టుకోవాలి. ఆయనకూ రమాబాయి తల్లికీ ఐదుగురు బిడ్డలు. యశ్వంత్ ఒక్కడే దక్కాడు. నలుగురు పసితనంలోనే పోయారు. 1926లో రాజరత్న పోయినప్పుడు ఆయన కుమిలిపోయారు. పేదరికం, జబ్బు పసిబిడ్డల్ని ఎలా మింగేస్తాయో ఆ ఇద్దరికీ తెలుసు. చట్టం తెచ్చిన మనిషికి మనం దండ వేస్తాం. ఆయన తల్లులకు తెచ్చిన విశ్రాంతిని మన ఇంట్లో మన భార్యకు ఇస్తున్నామా? నీళ్ల బిందె, బట్టల మూట, గిన్నెలు. వీటిలో ఏది రేపటి నుంచి మీరు ఎత్తుకుంటారో ఈ రాత్రే ఆమెకు చెప్పండి.

ఐదో శీలం, నాలుగు వాటాలు

బిడ్డ పుట్టిందంటే మందు పార్టీ అడుగుతారు. ఇవ్వకపోతే పిసినారి అంటారు. అననివ్వండి. మత్తు ముట్టనని మనం శీలంలోనూ చెప్పాం, ప్రతిజ్ఞలోనూ చెప్పాం. సిగాలోవాద సుత్తంలో తాగుడు వల్ల వచ్చే నష్టాలు బుద్ధుడు వరసపెట్టి చెప్పాడు. డబ్బు పోవడం, గొడవలు, రోగాలు, చెడ్డపేరు, సిగ్గు పోవడం, బుద్ధి మందగించడం. వీటిలో మన వాడల్లో మనం చూడనిది ఏదైనా ఉందా?

ఇది నీతుల కోసం చెబుతున్నది కాదు. నొప్పులు రాత్రి రెండు గంటలకు రావచ్చు. ఆ వేళ మీరు బండి నడిపే స్థితిలో ఉన్నారా, డాక్టరు చెప్పింది అర్థం చేసుకుని సంతకం పెట్టే స్థితిలో ఉన్నారా అనేదాని మీద రెండు ప్రాణాలు ఆధారపడతాయి. ఇప్పటికీ అలవాటు ఉంటే, బిడ్డ పుట్టాక మానేస్తాను అనకండి. ఈ రోజు మానండి. ఒంటరిగా మానలేకపోతే ఉపాసక సంఘంలో నోరు విప్పి చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరును కలవండి. సిగరెట్టూ బీడీ పొగ కూడా కడుపులో బిడ్డకు చేటే.

అదే సుత్తంలో సంపాదనను నాలుగు వాటాలు చెయ్యమన్నాడు. ఒకటి ఇంటి బతుకుకు, రెండు వాటాలు పనికి, వ్యాపారానికి, ఒకటి ఆపదకు దాచి పెట్టడానికి. కూలి బతుకులో నాలుగో వంతు దాచడం అందరికీ కుదరదు. అయినా తాగుడుకు పోయేది లెక్కవేసి ఒక డబ్బాలో వెయ్యండి. నెలలు నిండేనాటికి అది ఎంత అయిందో మీరే చూస్తారు. అప్పిచ్చేవాడి గడప తొక్కకుండా బిడ్డ ఇంటికి వస్తే, మీరు ఆ బిడ్డకు ఇచ్చిన మొదటి ఆస్తి అదే.

బిడ్డ చేతికి వచ్చాక

పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టించాలి. మొదట వచ్చే పసుపుపచ్చని ముర్రుపాలు పిండి పారబోయమని పెద్దవాళ్లు అంటారు. అవే బిడ్డకు రోగాల నుంచి మొదటి రక్షణ. పారబోయనివ్వకండి. తేనె, పంచదార నీళ్లు, ఆముదం చుక్కలు వద్దు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. బొడ్డు మీద ఏమీ రాయకూడదు. పుట్టిన రోజే స్నానం పొయ్యకూడదు, ఒళ్లు చల్లబడుతుంది. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా ఆసుపత్రి నుంచి వచ్చేలోపే వేయించండి. ఈ మాటలు అత్తగారికీ అమ్మకూ చెప్పాల్సింది మీరే. బాలింత నోరు తెరిస్తే "నీకేం తెలుసు" అంటారు. మీరు చెబితే వింటారు. మగవాడి మాటకు ఇంట్లో ఉన్న బలాన్ని ఒక్కసారైనా ఆమె కోసం వాడండి.

తరువాత చేతిపని. ఒకసారి ఒక బిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు వచ్చి, ఆనందుణ్ణి నీళ్లు తెమ్మని, తనే నీళ్లు పోసి, ఇద్దరూ కలిసి ఆయన్ను కడిగి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చెయ్యాలనుకునేవాడు రోగికి సేవ చెయ్యాలని చెప్పాడు. తథాగతుడు చేసిన పని మనకు చిన్నతనమా? బిడ్డ గుడ్డలు ఉతకండి. రాత్రి ఏడిస్తే ఎత్తుకోండి. బాలింతకు వేడినీళ్లు కాయండి. పక్కింటివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. వాళ్ల పిల్లలు చూస్తున్నారు, రేపు వాళ్లు నేర్చుకుంటారు.

పథ్యం పేరుతో బాలింతకు వెల్లుల్లి కారం అన్నమే పెట్టి కడుపు మాడ్చకండి. పాలు పడాలంటే ఆమెకు తిండి కావాలి. ఎక్కువ రక్తం పోతున్నా, జ్వరం వచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా, ఎగశ్వాస పెట్టినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కారణం లేకుండా ఆమె రోజుల తరబడి ఏడుస్తూ ఉంటే గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలవకండి. కాన్పు తరువాత మనసుకు కూడా జబ్బు చేస్తుంది. దానికి వైద్యం ఉంది.

ఒకవేళ, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా బిడ్డ దక్కకపోతే? ఈ మాట రాయడం కష్టం, అయినా చెప్పాలి. కిసాగోతమి ఆవాలు వెతికిన ఊరే మనదీ. చావు తెలియని ఇల్లు లేదు. అప్పుడు ఎవరైనా వచ్చి "పూర్వజన్మ కర్మ" అంటే ఒప్పుకోకండి. మనిషి పడే ప్రతి బాధా పాతకర్మ ఫలమే అన్న వాదాన్ని బుద్ధుడు కాదన్నాడు. శరీరం వల్ల, వాతావరణం వల్ల, ఇంకా ఎన్నో కారణాల వల్ల బాధలు వస్తాయన్నాడు. ఆమెను నిందించకండి, నిందించనివ్వకండి. పక్కన కూర్చోండి. మీరూ ఏడవండి.

పేరు, కాగితం

శూద్రుడి పేరు నీచంగా ఉండాలని మనుస్మృతి శాసించింది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని తగలబెట్టించారు. పుట్టిన పిల్లలు దక్కక, చావు కన్ను పడకుండా పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టుకున్న మన తాతమ్మల గుండెకోతను మనం వెక్కిరించం. కానీ మన బిడ్డకు తలెత్తుకునే పేరు పెడదాం. రాహుల్, ఆనంద్, సిద్ధార్థ, యశోధర, సుజాత, మల్లిక, విశాఖ, సంఘమిత్ర, భీమ్‌రావు, రమ, సావిత్రి. పేరు ఎందుకు పెట్టారో ఆ కథ బిడ్డకు చెప్పగలగాలి. అదే అర్థం ఇవ్వడం.

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించండి. మతం గడిలో బౌద్ధం అని రాయించండి. రిజర్వేషన్ పోతుందని భయపడి హిందూ అని రాయిస్తున్నవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. షెడ్యూల్డు కులాల నుంచి బౌద్ధం స్వీకరించిన వాళ్లకు ఆ హోదా ఉంటుందని 1990లోనే చట్టం సవరించారు. బిడ్డ మొదటి కాగితమే అబద్ధంతో మొదలుకానివ్వకండి. నాలుగో శీలం అక్కడ కూడా వర్తిస్తుంది.

పేరు పెట్టే రోజున పెద్ద ఖర్చు అక్కర్లేదు. బుద్ధుని, బాబాసాహెబ్ చిత్రాల ముందు కొవ్వొత్తి, పూలు. త్రిశరణం, పంచశీలం. అందుబాటులో ఉంటే భంతేజీ, లేకుంటే సంఘంలో పెద్ద ఉపాసిక చేత పేరు పలికించండి. వచ్చినవాళ్లకు పాయసం. ఓపిక ఉంటే ఒక ఆడపిల్ల చదువుకు పుస్తకాలు కొనివ్వండి.

తల్లిదండ్రులు బిడ్డకు చెయ్యాల్సినవి ఐదని సుత్తం చెప్పింది. చెడు నుంచి ఆపడం, మంచి వైపు నడపడం, చదువో పనో నేర్పడం, తగిన తోడు చూడడం, సమయం వచ్చినప్పుడు ఆస్తి అప్పగించడం. చివరి రెండింటికీ ఇంకా చాలా ఏళ్లుంది. మొదటి రెండూ మాత్రం బిడ్డ కళ్లు తెరిచిన రోజు నుంచే మొదలు. బిడ్డకు మాటలు రావు గానీ చూపు ఉంటుంది. నాన్న అమ్మతో ఎలా మాట్లాడుతున్నాడో వింటుంది. మీ ఇంట్లో అరుపులు వినబడకపోతే అదే బిడ్డకు మొదటి ధమ్మబోధ.

ఈ రాత్రి అన్నం తిన్నాక మీ ఇంటామె పక్కన కూర్చోండి. ఫోను పక్కన పెట్టండి. నీకు ఏం భయంగా ఉంది అని అడగండి. సలహా ఇవ్వకుండా వినండి. పడమర దిక్కుకు తిరగడం అక్కడే మొదలవుతుంది.

మీకూ, తల్లికీ, రాబోయే బిడ్డకూ మేలు కలగాలి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!